ఏడో ఫారంలో దెయ్యం

దెయ్యం కథలో దెయ్యాన్ని ఎక్కడ పెట్టాలని ఈమధ్య ఒకరిద్దరు యువ రచయితలు ఫోన్ చేసి అడిగారు. గోడౌన్లో పెట్టి పైన టార్పాలిన్ కప్పండి అన్నాను. ముసలాయన ఎకసెక్కం ఆడుతున్నాడనుకుని ఫోన్ పెట్టేశారు. ఎకసెక్కం కాదు. నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న పనికొచ్చే విషయం అదొక్కటే, అదీ నేను కనిపెట్టింది కాదు. కనిపెట్టినావిడకి నావల్ల ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి, మా ఇంట్లో వాళ్ళు ఎప్పుడో తిట్టేశారు.

పుదుచ్చేరిలో, తట్టాంచావడి పారిశ్రామికవాడలో ఒక అచ్చాఫీసు. అందులో నేను తెలుగు సెక్షన్. సెక్షన్ అంటే ఒక కంప్యూటరు, ఒక కుర్చీ, కుర్చీలో నేను. మందుల కంపెనీల పెట్టెలు, ఆ పెట్టెల్లో పెట్టే మడత కాగితాలు, పెళ్ళి పత్రికలు మా అసలు వ్యాపారం. వాటి మధ్యలో, నెల్లూరు వైపు ప్రచురణకర్త ఒకాయన బస్టాండుల్లో అమ్మే దెయ్యం నవలలు మాచేత వేయించుకునేవాడు. మా దగ్గర చవక అన్నది తప్ప ఆయనకి మా మీద వేరే ప్రేమేమీ లేదు.

తరాలుగా ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళం మేము. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. నాకెలా వచ్చిందంటే, మిల్లులో పనిచేసే మా నాన్న నా అల్లరి భరించలేక నన్ను నాలుగేళ్ళు సూళ్ళూరుపేటలో మేనత్త ఇంట్లో పడేశాడు. ఆ శిక్షే తరవాత నాకు అన్నం పెట్టింది. మా యజమాని, అంటే ముదలాళి, తెలుగు వ్యాపార కుటుంబం మనిషే అయినా ఒక్క అక్షరం చదవలేడు. ప్రూఫు తీసుకెళ్ళి ఇస్తే వెలుతురుకి పట్టి, ఇంకు సమంగా పడిందా లేదా చూసి, తల ఊపి ఇచ్చేసేవాడు. సగం సార్లు కాగితం తలకిందులుగా ఉండేది.

నా కుర్చీకి అవతలే బైండింగు హాలు. అక్కడ ఆరుగురు ఆడవాళ్ళు, వాళ్ళలోనే ఒకావిడ మిగతావాళ్ళకి పెద్ద. ఆవిడని అందరం అక్కా అనేవాళ్ళం. వయసులో నేనే పెద్ద, అయినా నాకూ ఆమె అక్కే. ఆమె నన్ను అన్నా అనేది. తేంగాయితిట్టులో ఉండేది. భర్త ఆటో నడిపేవాడు. మోకాళ్ళు పాడయ్యాక ఆటో, ఆయన ఇద్దరూ ఇంటి ముందే నిలబడిపోయారు. ఇల్లు నడిచేది అక్క జీతం మీదే. మా అచ్చాఫీసులో పందొమ్మిదేళ్ళ సర్వీసు ఆమెది.

మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. పెద్ద కాగితం మీద అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం పదహారు పుటలు అచ్చవుతాయి. దాన్ని మడిస్తే చిన్న పుస్తకంలా అవుతుంది. దాన్నే ఫారం అంటాం. అలాంటివి పది ఫారాలు వరసగా పేర్చి అట్ట వేస్తే ఒక నవల. ఆ నవలలు రాసే ఆయన వారానికొక అధ్యాయం పంపేవాడు కాబట్టి, అధ్యాయానికి ఒక ఫారం అని లెక్క పెట్టుకున్నాం. పదహారు పుటలకి తక్కువైతే ఆయన ఉరుములు పెంచేవాడు. ఎక్కువైతే నేను అక్షరాలు చిన్నవి చేసేవాణ్ణి.

ప్రూఫు నేను పైకి చదివి దిద్దేవాణ్ణి. కంటికి చిక్కని తప్పు చెవికి చిక్కుతుంది. అవతల హాల్లో ఆడవాళ్ళు మడతలు పెడుతూ వినేవాళ్ళు. కొన్నాళ్ళకి "కొంచెం గట్టిగా చదువన్నా" అన్నారు. ఇంకొన్నాళ్ళకి నా కుర్చీ హాల్లోకి వచ్చేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దెయ్యం నవల చదవడం మా అచ్చాఫీసు ఆచారమైపోయింది. పని వేగంగా సాగుతోంది కాబట్టి ముదలాళి ఏమీ అనలేదు.

రచయిత ఒక రిటైరైన గుమాస్తా. జీవితమంతా ఆఫీసు ఫైళ్ళ మీద చూసిన దుమ్మంతా తెచ్చి తన బంగళాల్లో పోసేవాడు. గాలివాన, గబ్బిలాలు, తెల్లచీర, గజ్జెల చప్పుడు, ఆరిపోయే దీపం. నేను గొంతు వణికించి చదువుతుంటే వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

"ఈ దెయ్యానికి రొంబ పని పెట్టినాడన్నా ఆయప్ప," అనేది అక్క. "గజ్జెలు కట్టుకోవల్ల, దీపం ఆర్పల్ల, తలుపు కొట్టల్ల, మళ్ళా నవ్వల్ల. మన షిఫ్టే మేలు."

"జీతం గూడా ఉండదక్కా దానికి," అనేది ఇంకొకావిడ.

అప్పుడొచ్చింది ఆ నవల. మొదటి మూడు అధ్యాయాలూ మామూలు దుమ్మే. నాలుగో అధ్యాయంలో ఆయనకి ఏమైందో తెలియదు, ఉరుము ఒక్కటి కూడా లేదు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి. అత్తమామలు లేని పాత ఇల్లు. భర్త పొద్దున్నే పనికి పోతే మళ్ళీ సాయంత్రం దాకా ఆమె ఒక్కతే. మధ్యాహ్నం అన్నం తిని, ఎంగిలి కంచం తొట్టి దగ్గర పెట్టి కాసేపు నడుం వాలుస్తుంది. లేచి చూస్తే కంచం కడిగి, గట్టు మీద బోర్లించి ఉంటుంది. నీళ్ళు ఇంకా కారుతుంటాయి. తనే కడిగి మరిచిపోయాననుకుంటుంది. ఐదో అధ్యాయంలో కంచం కడగకుండా బియ్యం డబ్బాలో దాచి పడుకుంటుంది. లేచేసరికి మళ్ళీ గట్టు మీద బోర్లించి ఉంటుంది. ఆరో అధ్యాయం చివర రెండు కంచాలు బోర్లించి ఉంటాయి, రెండూ తడిగా. ఆమె తిన్నది ఒక్కదాంట్లోనే.

ఆ వాక్యం చదివి తల ఎత్తాను. ఆరు జతల చేతులు ఆగిపోయి ఉన్నాయి. నవ్వేవాళ్ళు లేరు. "చాలన్నా, మూసెయ్," అంది ఒకామె. ఆ రోజు సాయంత్రం టిఫిను డబ్బాలు కడుక్కోవడానికి ఆరుగురూ కలిసి కుళాయి దగ్గరకి పోయారు. నేను మురుంగపాక్కంలో మా ఇంటికి పోయి, తిన్న కంచం నా భార్య చేతిలోంచి లాక్కుని నేనే కడిగాను. ఆమె అనుమానంగా చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి మరి.

భయం అన్నదాని గురించి నేను అప్పుడే కాస్త ఆలోచించాను. అంతకుముందు ఆలోచించే అవసరం రాలేదు. అరుపులకి మావాళ్ళు భయపడలేదు, వాళ్ళ వీధుల్లో రోజూ అరుపులే. రక్తానికి భయపడలేదు, చేపలు కోసే చేతులవి. కంచం కడగడం అపకారం కూడా కాదు, నిజానికి సాయం. కానీ ఆ ఇంట్లో ఎవరికో ఆమె ఎప్పుడు తింటుందో, ఎప్పుడు నడుం వాలుస్తుందో తెలుసు. వంటిల్లు తనదనుకుంది, తనకంటే ముందునుంచీ అది ఇంకెవరిదో. లేచి పోదామంటే ఆమెకి పోవడానికి చోటు లేదు. పాత బంగళాలో సాలెగూళ్ళు ఎన్ని ఉన్నాయన్నది ఎవరికీ పట్టదు. పాతవాళ్ళు ఇంకా పోలేదన్న అనుమానమే మనిషిని తినేస్తుంది, అది అనుమానంగా ఉన్నంతసేపూ.

ఏడో అధ్యాయంలో మా గుమాస్తా ఆ అనుమానం తీర్చేశాడు.

తెల్లచీర వచ్చింది. జుట్టు విరబోసుకుంది. నాలుక మూర పొడవని రాశాడు, ఏ టేపుతో కొలిచాడో. ఆ తరవాత ఆ దెయ్యం నట్టింట్లో కూర్చుని, తనెవరో, ఎలా చచ్చిందో, కంచాలు ఎందుకు కడుగుతోందో తొమ్మిది పుటల పాటు చెప్పింది. అది అత్తగారట. చదువుతుంటే నాకే ఆవలింత వచ్చింది.

"ఏందన్నా ఇది," అంది అక్క, చేతిలో మడతలు నొక్కే పలక కింద పెట్టి. నిజంగా కోపం వచ్చింది ఆమెకి. "ఇంతసేపూ ఎవురో తెలీక గుండె కొట్టుకుంటా ఉండె. అత్త అని చెప్పేసినాడే! అత్తకి బయపడేదేముండాది, నాకు ఇంట్లోనే ఉండాది కదా."

మరుసటి వారం ఎనిమిదో అధ్యాయం వచ్చాక నేను రచయితకి ఫోన్ చేశాను. అయ్యా, ఈ అధ్యాయం వద్దు, ఎనిమిదో అధ్యాయం "ఆ మధ్యాహ్నం చూసినదాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు" అని మొదలవుతోంది, ఆరు తరవాత నేరుగా అదే వస్తే చాలు, ఏం చూసిందో చదివేవాడు ఊహించుకుని చస్తాడు, అని మర్యాదగానే చెప్పాను.

"నువ్వు అచ్చుతప్పులు చూసుకోవయ్యా," అన్నాడాయన. "దెయ్యం సంగతి నాకొదిలెయ్. పాఠకుడు డబ్బులిచ్చి కొన్నాడు, దెయ్యాన్ని చూపించకపోతే ఊరుకుంటాడా?"

గట్టిగా వాదించాను, హాలంతా వినపడేలా. ఆయన వినలేదు. నేనూ జీతగాణ్ణే కాబట్టి నోరు మూసుకుని ఏడో ఫారం అచ్చుకి పంపాను.

పుస్తకం పూర్తయ్యాక మొదటి ప్రతి నా దగ్గరకి రావాలి, నేను పుటలన్నీ తిప్పి చూసి సంతకం పెట్టాలి. ఆ తరవాతే మిగతావి కట్టాలి. ఆ ప్రతి అక్కే తెచ్చింది, పక్కన టీ గ్లాసుతో సహా. పందొమ్మిదేళ్ళలో ఆమె నాకు టీ తేవడం అదే మొదలని నాకు తట్టి ఉండాల్సింది. అట్ట చూశాను, చివరి పుట చూశాను, టీ తాగాను, సంతకం పెట్టాను. పుస్తకాలు వ్యానెక్కి పోయాయి.

మూడు వారాల తరవాత నెల్లూరు నుంచి ఫోను. తొంభై ఆరో పుట తరవాత నూట పదమూడు ఉందని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడట. లెక్కల మాస్టారై ఉండాలి, దెయ్యం నవలలో పుటల సంఖ్యలు చూసేవాడు ఇంకెవడుంటాడు? ప్రచురణకర్త తన దగ్గరున్నవి తీసి చూశాడు, ఒక్కదాంట్లోనూ ఏడో ఫారం లేదు. శుక్రవారం స్వయంగా వస్తున్నానన్నాడు.

ముదలాళి ఊగిపోయాడు. నేను గోడౌన్లోకి పరిగెత్తాను. మూలన టార్పాలిన్ తీసి చూస్తే ఏడో ఫారాలన్నీ ఉన్నాయి, ఒక్కటి తగ్గకుండా, చక్కగా మడిచి, కట్టలు కట్టి, దారంతో ముడేసి. పొరపాటున మిగిలిపోయినవి అంత అందంగా ఉండవు.

అక్క నా వెనకే వచ్చి నిలబడింది. "ఆ ఫారం పెడితే కథ చచ్చిపోతాదన్నా. నువ్వే కదా ఆయప్పకి అంతసేపు చెప్పితివి? ఆయన ఇనలా. సరే అని నేను తీసేస్తిని."

"చదవడం గూడా రాదు కదక్కా నీకు!"

"అంకెలు వచ్చునే. ఏడు ఏదో తెలీదా?"

ఆమె ఉద్యోగం పోతుంది, సంతకం నాది కాబట్టి నాదీ పోతుంది. కానీ అక్క కంగారు పడలేదు. మా అచ్చాఫీసులో ఇంకో ఆచారం ఉండేది. ఏ తప్పు జరిగినా చేసినవాళ్ళు ముదలాళి ముందు నిలబడి "కన్ను తప్పిపోయింది" అనాలి. ఆయన పది నిమిషాలు అరుస్తాడు, మన తాతల దాకా తిడతాడు, తరవాత టీ తెప్పించుకుని, "పో, పోయి పని చూడు" అంటాడు. పెళ్ళికూతురి పేరు మార్చి వేసినప్పుడూ అంతే జరిగింది. ఆ మాట అన్నవాళ్ళని ఆయన ఏనాడూ పనిలోంచి తీయలేదు.

"కన్ను తప్పిపోయె అని చెప్తా," అంది అక్క. "నువ్వు సుమ్మా నిలబడన్నా, ఏమీ మాట్లాడబాక. అంతే నీ పని."

శుక్రవారం పదకొండు గంటలకి ప్రచురణకర్త కారు దిగాడు. ముదలాళి గదిలో ఫ్యాను కింద ఆయన కూర్చున్నాడు, పక్కన ముదలాళి. నేనొక గోడకి, జిగురు చేతులతో అక్క ఇంకో గోడకి. ఆయన సంచీలోంచి ఉత్తరాల కట్ట తీసి బల్ల మీద పడేశాడు.

"ఇన్నేళ్ళలో నాకు ఇన్ని ఉత్తరాలు రాలేదండీ," అన్నాడాయన. ఆయన నవ్వుతున్నాడని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఆ మధ్యాహ్నం ఆ పిల్ల ఏం చూసింది, చెప్పి పుణ్యం కట్టుకోండి అని ఒకటే గోల. ఒకావిడ కంచంలో తినడమే మానేసిందట, ఆకు తెచ్చుకుంటోంది. బస్టాండు కొట్లలో మళ్ళీ కావాలంటున్నారు. మళ్ళీ వెయ్యండి, ఆ ఫారం లేకుండానే వెయ్యండి. రచయితకి చెబితే, తన ఉద్దేశం మొదటినుంచీ అదేనన్నాడు."

ముదలాళి కుర్చీలో సర్దుకున్నాడు. "పొరపాటు సార్, పిల్లలు చేసిన పొరపాటు," అన్నాడు.

"కన్ను తప్పిపోయె ముదలాళీ," అంది అక్క, నేల చూస్తూ. ఎంత బాగా చెప్పిందంటే నేనే నమ్మేశాను.

"మంచి కన్నేనమ్మా, అప్పుడప్పుడూ తప్పనివ్వండి," అన్నాడు ప్రచురణకర్త. అందరూ నవ్వారు. టీ వచ్చింది. అరుపులు కూడా లేకుండా వ్యవహారం తేలిపోయింది. అక్క తలుపు వైపు ఒక అడుగు వేసింది.

అప్పుడు నేను నోరు తెరిచాను.

ఎందుకు తెరిచానని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆమెకి అన్యాయం జరుగుతోందనిపించింది, అది నిజం. ఆ గుమాస్తా పేరు కొట్టేస్తున్నాడని కడుపు మండింది, అదీ నిజం. ఇంత సూక్ష్మమైన సంగతి ఈ గదిలో నాకొక్కడికే తెలుసని చూపించుకోవాలన్న దురద కూడా ఉంది, అదే అన్నిటికంటే పెద్ద నిజం. "పొరపాటు కాదండీ, ఆమె కావాలనే తీసేసింది," అన్నాను. అక్కడితో ఆగానా? గోడౌన్లో దారం ముడుల దాకా చెప్పాను. భయం ఎలా పుడుతుంది, కనపడని దానికి ఎందుకంత బలం, పాత ఇల్లంటే ఏమిటి, అక్షరం రాని మనిషి దాన్ని ఎలా పట్టుకుంది, అన్నీ విడమరిచి ఉపన్యాసం ఇచ్చాను. ప్రచురణకర్త ఆశ్చర్యంగా విన్నాడు. "గట్టిదే!" అన్నాడు. నేను గర్వంగా అక్క వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

ముదలాళి ఆయన్ని కారు దాకా సాగనంపి తిరిగి వచ్చాడు. ఆయన అరవలేదు. నా సర్వీసులో ఆయన అరవకుండా మాట్లాడటం అప్పుడే విన్నాను.

"తెలీక చేసింటే ఏమీ లేదమ్మా. తెలిసి చేసినావు. ఈ పొద్దు దెయ్యం నచ్చలేదని తీసేస్తివి. రేపు మందు కాగితంలో ఒక సంగతి నచ్చలేదని తీసేస్తే ఎవుడన్నా చస్తాడు, నేను జైలుకి పోతా. మందుల కంపెనీవాళ్ళకి ఈ మాట తెలిస్తే నా అచ్చాఫీసు మూతబడతాది. ఇంక నువ్వు రావద్దు."

నేను బతిమాలాను. నా సంతకం ఉంది, నన్నూ తీసెయ్యమన్నాను. "నీది కన్ను తప్పడం, పో," అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అందుకే ఇంకా మండింది. అక్క చేతుల జిగురు కడుక్కుని, టిఫిను డబ్బా తీసుకుని, మిగతా ఐదుగురికీ చెప్పి వెళ్ళిపోయింది.

రెండో ముద్రణ అమ్ముడుపోయింది. ఆ ఊపుతో రచయిత తరవాతి నవలలో మూడు దెయ్యాల్ని దించి, మూడింటి చేతా జీవిత చరిత్రలు చెప్పించాడు. నేను హాల్లో చదివాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ భయపడలేదు, మడతలు పెట్టుకుంటూ పోయారు. అది అమ్ముడుపోలేదు. ఆ తరవాతి ఏడాది నెల్లూరు పని ఆగిపోయింది, నేను పెళ్ళి పత్రికలు దిద్దుతూ రిటైరయ్యాను.

అక్కకి అదే తట్టాంచావడిలో, రెండు వీధుల అవతల నోటుపుస్తకాల కంపెనీలో పని దొరికింది, తక్కువ జీతానికి. ఆమె మా అచ్చాఫీసు వదిలిన నెలకి ధైర్యం తెచ్చుకుని భోజనం వేళకి వెళ్ళాను. గేటు బయట గోడ నీడలో కూర్చుని తింటోంది. పక్కన కూర్చోమనలేదు, పొమ్మని కూడా అనలేదు. కూర్చున్నాను.

"పని ఎట్లుండాదక్కా?"

"తెల్ల కాగితాలన్నా. గీతలు కొట్టిన తెల్ల కాగితాలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే మడస్తా ఉండాల. చదివేదానికి ఏముండాది?"

"నీకు పేరు రావాలనే చెప్పినానక్కా. నీ తెలివి వాళ్ళకి తెలియాలని..."

అక్క ముద్ద మింగి నీళ్ళు తాగింది. కోపంగా అనలేదు, అది గుర్తుంది నాకు. ప్రూఫు చదివినప్పుడు బాగాలేని అధ్యాయం గురించి చెప్పే గొంతుతోనే చెప్పింది.

"పేరు ఎవురడిగినారన్నా? అంతా సరిగ్గానే పోతా ఉండె. ఆయప్ప నవ్వె, ముదలాళి నవ్వె, టీ వచ్చె. ఆడ ఆపేసుండల్ల. నువ్వూ ఆ రాసేటాయప్ప మాదిరే. చెప్పకుండా ఉండలేవు."

సైరన్ మోగింది. ఆమె డబ్బా మూసి, కొంగు దులుపుకుని లోపలికి నడిచింది. నేను ఆ గుమాస్తాలాంటివాణ్ణి కానని, నా ఉద్దేశం వేరని వివరించడానికి గేటు దాకా ఆమె వెంట పరిగెత్తాను. వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు.